పాత క్యాసెట్ల డిజిటలీకరణ: రెండు చోట్ల నా అనుభవం

మా నాన్నగారు 1980లలో క్యాసెట్లలో రికార్డు చేసుకున్న హరికథలను డిజిటల్ రూపంలోకి మార్పించడానికి మొదట హైదరాబాదులోని ఒక స్టూడియోకు వెళ్ళాను. గోడనిండా సౌండ్ ఇంజినీరింగ్ సర్టిఫికెట్లు ఉన్నాయి. 192 కిలోహెర్ట్జ్‌లో (అంటే సెకనుకు 1,92,000 సార్లు ధ్వని నమూనాలు తీస్తూ) చేస్తేనే ధ్వని తరంగం మెట్లుమెట్లుగా కాకుండా నునుపుగా వస్తుందని అక్కడి ఇంజినీరు చెప్పారు. నేను సందేహం వెలిబుచ్చితే తన డిప్లొమా చూపించారే తప్ప కారణం చెప్పలేదు. ఆ మాట సరికాదు. నమూనాలు తీసే వేగం ధ్వనిలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువగా ఉంటే అసలు తరంగాన్ని పూర్తిగా తిరిగి పొందవచ్చని అమెరికన్ గణితవేత్త క్లాడ్ షానన్ 1949లోనే నిరూపించారు. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ పైన వినిపించదు కనుకనే సీడీకి 44.1 కిలోహెర్ట్జ్ సరిపోయింది. ఇంతా చేసి, వాళ్ళిచ్చిన ఫైళ్ళలో చిడతల మోత దుప్పటి కప్పినట్టు మందంగా ఉంది.

అవే క్యాసెట్లను తరువాత టేప్‌రికార్డర్లు బాగుచేసే ఒక పెద్దాయనకు ఇచ్చాను. ఆయన ఏ కోర్సూ చదవలేదు. టేపు తిరుగుతుండగానే టేపు మీది ధ్వనిని చదివే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పారు; చిడతలు ఒక్కసారిగా ఘల్లుమన్నాయి. హెడ్‌లోని సన్నని సందు టేపు నడిచే దిశకు సరిగ్గా 90 డిగ్రీలలో లేకపోతే హెచ్చు పౌనఃపున్యాలే ముందుగా పోతాయని, అందువల్ల ప్రతి క్యాసెట్టుకూ ఆ కోణాన్ని మళ్ళీ సరిచూడాలని ఓపికగా వివరించారు. అన్నిటినీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో (ఒక్కో నమూనాను ఎంత సూక్ష్మంగా కొలుస్తారన్న లెక్క) ఎక్కించారు. పని నెమ్మది, పది క్యాసెట్లకు మూడు వారాలు పట్టింది. మిగిలిన పెట్టెను కూడా ఆయనకే అప్పగించాను.