పార్క్ టూల్ టీఎం-1 టెన్షన్ మీటర్: కొన్నేళ్లు వాడాక

సైకిల్ చక్రం బెండు తీయడానికి నిపుల్ కీ (స్పోకు చివరి నట్టు తిప్పే చిన్న పనిముట్టు) చాలదా, స్పోకుల బిగువు కొలిచే ఈ మీటరెందుకు అని అడుగుతుంటారు. బెండు వరకైతే చాలు. చక్రం తిప్పి, రిమ్ము ఏ బ్రేక్ ప్యాడ్‌కి తగులుతుందో చూసి, అక్కడే అవతలి వైపు స్పోకులు కొద్దికొద్దిగా బిగిస్తే దారికొస్తుంది. కానీ ఒక స్పోకు అతిగా బిగిసి, దాని పక్కది వదులుగా ఉన్నా రిమ్ము తిన్నగానే తిరుగుతుంది. కంటికి తెలియదు. మన రోడ్ల మీద ముందు తెగేది చాలాసార్లు ఆ వదులు స్పోకే. ప్రతి గుంతలోనూ సడలి, మళ్లీ బిగిసి, చక్రం మధ్యలోని హబ్ దగ్గరి వంపులో లోహం అలిసిపోతుంది.

టీఎం-1 స్పోకును మూడు చోట్ల పట్టి, స్ప్రింగు బలంతో కాస్త వంచుతుంది. ముల్లు చూపేది కిలోలు కాదు, ఒట్టి అంకె. దాన్ని పట్టికలో చూసి కిలోల్లోకి మార్చుకోవాలి. 1.8 మి.మీ. స్పోకుకి, 2.0 మి.మీ. స్పోకుకి అదే అంకె వచ్చినా బిగువు వేరు. స్పోకు మందం చూసుకునే గేజి దాంతోపాటే వస్తుంది, పారేసుకోకండి.

వెనక చక్రంలో గేర్ల వైపు బిగువు ఎప్పుడూ ఎక్కువే. అందుకే రెండు వైపులా కలిపి సగటు తీస్తే లెక్క తప్పుతుంది, ఏ వైపుది ఆ వైపే చూడాలి. కంపెనీ చెప్పే హద్దు సగటుకి అటూ ఇటూ 20 శాతం. నేను 10 లోపు తెస్తాను. పాత రిమ్ము ఎక్కడైనా దెబ్బతిని ఉంటే మాత్రం అంత పట్టుబట్టను, తిన్నదనం పోతుంది.

స్పోకుల్ని ఒకదానితో ఒకటి పోల్చడానికి దీన్ని పూర్తిగా నమ్ముతాను. కచ్చితమైన కిలోల విషయంలో అంత నమ్మను. బిగువు రిమ్ము తట్టుకునే గరిష్ఠ హద్దు దగ్గరికి వెళ్తుంటే కాస్త ముందే ఆగుతాను. హ్యాండిల్ ఠక్కున వదలకూడదు, మెల్లగా వదిలితేనే అంకె నిలకడగా వస్తుంది. స్ప్రింగు ఎలా ఉందో తెలియడానికి వాడని చక్రం ఒకటి పక్కన పెట్టి, అందులో గుర్తు పెట్టిన స్పోకునే అప్పుడప్పుడు కొలుస్తుంటాను.

ఇంట్లో ఒక్క సైకిలే ఉంటే కొనమని చెప్పను. ఒకే వైపు స్పోకుల్ని వేలితో మీటి, బొంగురుగా మోగినదాన్ని బిగించే పాత మెకానిక్కుల పద్ధతి బాగానే పనిచేస్తుంది. చక్రాలు సొంతంగా అల్లేవాళ్లకి మాత్రం పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. ఒక్క సంగతి, టైరులో గాలి నిండితే స్పోకుల బిగువు తగ్గుతుంది. గాలితో కొలుస్తారో, లేకుండా కొలుస్తారో, ఎప్పుడూ ఒకేలా కొలవండి.