షియాన్‌లో రెండ్రోజులు: మట్టి సైనికులా, షాన్‌షీ మ్యూజియమా, రాతి శాసనాలా... ఏది మేలు?

చైనాలో షియాన్ వెళ్తున్నాం, ఏ మ్యూజియం చూడాలి అని ఎవరు అడిగినా వచ్చే సమాధానం ఒకటే, టెర్రకోటా ఆర్మీ చూసేయండి, షాన్‌షీ హిస్టరీ మ్యూజియం చూసేయండి, ఇంక అయిపోయినట్టే. ఇందులో మొదటి సగం కరెక్టే, రెండో సగం దగ్గరే నాకు పేచీ. హిస్టరీ మ్యూజియం టికెట్ కోసం ట్రిప్ మొత్తం తలకిందులు చేసుకునే వాళ్ళని చూస్తుంటే జాలేస్తుంది, ఎందుకంటే అదే ఊళ్ళో కోట గోడ లోపలే బేలిన్ అని రాతి శాసనాల మ్యూజియం ఉంది, మన తెలుగువాళ్ళకైతే దానితో ఒక చుట్టరికం కూడా ఉంది, అది తర్వాత చెప్తాను.

ముందు సైనికుల సంగతి, అంటే చైనా మొదటి చక్రవర్తి ఛిన్ షీ హువాంగ్ సమాధికి కాపలాగా పాతిపెట్టిన మట్టి బొమ్మలు. ఇది ఊళ్ళో లేదు, తూర్పున లింటోంగ్ వైపు 35-40 కిలోమీటర్లు పోవాలి, మెట్రో లైన్ 9లో హువాచింగ్‌చీ స్టేషన్ దాకా వెళ్ళి అక్కడ్నించి బస్సు పట్టుకోవాలి, కాబట్టి రానుపోను కలిపి ఒక రోజు దీనికే రాసేసుకోండి. టికెట్ 120 యువాన్లు, మన లెక్కలో అటూఇటుగా 1500 రూపాయలు. 1974లో బావి తవ్వుకుంటున్న రైతులకి ఈ బొమ్మలు తగిలాయి, 1979లో మ్యూజియం తెరిచారు. మొదటి గొయ్యి 230 మీటర్ల పొడవు 62 మీటర్ల వెడల్పు, లోపలికి అడుగు పెట్టగానే ఆ వరసలు చూసి నోరు తెరుస్తాం, అది మాత్రం ఏ ఫోటోలోనూ రాదు, ఎవరెన్ని చెప్పినా ఇది వదిలేయమని నేను చెప్పను.

కానీ ఒక ఇబ్బంది ఉంది. సైనికులు కింద గోతిలో, మనం పైన రెయిలింగ్ దగ్గర, మన ముందు నాలుగు వరసల జనం సెల్ఫీ స్టిక్కులు ఎత్తుకుని. ఎక్కువమంది ముందు వైపే తోసుకుని, నాలుగు ఫోటోలు తీసుకుని బయటికి పోతారు. అలా కాకుండా పక్క దారిలో నడుచుకుంటూ వెనక్కి వెళ్ళండి, అక్కడ ముక్కల్ని అతికించే పని జరిగే చోటు ఉంటుంది, తల లేని ఒళ్ళు, చేతులు లేనివి, సగం అతికించినవి నిలబెట్టి ఉంటాయి. మొత్తం 8000 దాకా ఉంటాయని అంచనా, దాదాపు అన్నీ ముక్కలుగానే దొరికాయి, మనం ముందు చూసి మురిసిపోయినవి ఎవరో కూర్చుని ఏళ్ళ తరబడి అతికించినవే అని వెనక్కి వెళ్తేనే తెలుస్తుంది.

దగ్గర్నుంచి చూడాలంటే రెండో గొయ్యి హాల్లో అద్దాల పెట్టెలు ఉన్నాయి. అందులో మోకాలి మీద కూర్చున్న విలుకాడిని వెతకండి. కూర్చున్న బొమ్మ కాబట్టి ఎత్తు తక్కువ, పైకప్పు కూలినప్పుడు నిలబడ్డ వాళ్ళకి తగిలినంత దెబ్బ తగల్లేదు, అందుకే చెక్కుచెదరకుండా దొరికాడు. ముందు నుంచి ఫోటో తీసుకుని వచ్చేయకుండా వెనక్కి తిరిగి వెళ్ళి పైకి లేచిన కాలి చెప్పు అడుగు చూడండి, చెప్పుకి వేసిన కుట్లు చుక్కలు చుక్కలుగా మట్టిలో చెక్కి ఉంటాయి, ముందూ వెనకా దగ్గర దగ్గరగా, మధ్యలో కాస్త పలచగా. భూమిలో పాతిపెట్టే బొమ్మ, ఎవరూ చూడరని తెలుసు, అయినా చెప్పు అడుగున కుట్లు చెక్కారండీ.

ఇంకోటి, అదే టికెట్‌లో లిషాన్ గార్డెన్ కూడా వస్తుంది, షటిల్ బస్సు కూడా ఫ్రీనే, 1980లో తవ్వి తీసిన కంచు రథాలు ఇప్పుడు అక్కడ వేరే మ్యూజియంలో ఉన్నాయి. అసలు సైజులో సగం ఉండే రెండు రథాలు, గుర్రాలు, పగ్గాలు, గొడుగు, అన్నీ లోహమే, ఒకదానిలో 3000కి పైగా విడి భాగాలు. బస్సు టైమ్ అయిపోతోందని గైడ్ తొందర పెడితే చాలామంది ఇది చూడకుండానే వెనక్కి వచ్చేస్తారు, టూర్ ప్యాకేజీలో వెళ్ళేవాళ్ళు ఇది ఉందో లేదో ముందే అడగండి. చక్రవర్తి అసలు సమాధి గుట్ట మాత్రం ఇప్పటికీ తెరవలేదు. సైనికుల మీద రంగులు బయటి గాలి తగలగానే నిమిషాల్లో పెచ్చులు పెచ్చులుగా రాలిపోయాయి, ఆ అనుభవం అయ్యాక తొందరపడి తెరవకపోవడమే మంచిదనిపిస్తుంది.

ఇప్పుడు షాన్‌షీ హిస్టరీ మ్యూజియం. 1991లో తెరిచారు, తాంగ్ వంశం కాలం (7-10 శతాబ్దాలు) రాజభవనంలా ఉండే బిల్డింగ్, డిజైన్ చేసింది జాంగ్ జిన్‌చ్యూ అనే ఆర్కిటెక్ట్, ఆవిడ. మెట్రో షియావోజాయ్ స్టేషన్ దగ్గరే. ప్రవేశం ఉచితం, అసలు గొడవంతా అక్కడే, ఉచితం కాబట్టి వీచాట్ (చైనావాళ్ళ వాట్సాప్ లాంటి యాప్)లో స్లాట్లు వదిలిన నిమిషాల్లో ఖాళీ అయిపోతాయి, మన తత్కాల్ టికెట్ లాగే అనుకోండి, పైగా ఆ పేజీలు చైనీస్‌లో, పాస్‌పోర్ట్ నంబర్ కొట్టే లోపు అయిపోయింది అని వచ్చేస్తుంది. సరే కష్టపడి దొరికించుకున్నారు, లోపలికి వెళ్ళారు, అప్పుడు తెలుస్తుంది అసలు చూడాల్సినవి ఆ ఉచిత హాల్స్‌లో లేవని. హెజియాసున్ నిధి ఉండే హాలుకి వేరే టికెట్, 30 యువాన్లు, తాంగ్ సమాధుల గోడ బొమ్మల హాలుకి ఇంకో టికెట్, అది బాగా ఖరీదు. కాబట్టి ఉచిత స్లాట్ దొరకలేదని ఏడవకండి, ఈ డబ్బు టికెట్లకి పోటీ కాస్త తక్కువ, ముందు అవి దొరుకుతాయేమో చూడండి.

హెజియాసున్ నిధి మాత్రం ఆ 30 యువాన్లకి పదింతలు పెట్టినా చూడొచ్చు అంటాను. 1970లో షియాన్ దక్షిణాన ఒక చోట పునాది తవ్వుతుంటే రెండు మట్టి జాడీలు, ఒక వెండి జాడీ దొరికాయి, వాటి నిండా తాంగ్ కాలం బంగారు వెండి సామాను, వెయ్యికి పైగా వస్తువులు. ఎవరో ఏదో గొడవల్లో గబగబా పాతిపెట్టి, మళ్ళీ తీసుకోవడానికి రాలేకపోయారు. అందులో జంతువు తల ఆకారంలో ఉండే అగేట్ కప్పు ఉంది, ఎర్రటి రాయిలో మధ్యలో లేత చారలు, మూతికి బంగారు తొడుగు, పొడవు 15.6 సెంటీమీటర్లే, అరచేతిలో పట్టేస్తుంది, దాని ముందు మాత్రం జనం గోడ కట్టినట్టు నిలబడతారు. నాకైతే దాని కంటే పక్కన ఉండే వెండి సీసా ఎక్కువ నచ్చింది, గుర్రాల మీద తిరిగే సంచార జాతుల తోలు నీళ్ళ సంచి ఆకారంలో చేసి, దాని మీద బంగారు పూత గుర్రం ఒకటి, వెనక కాళ్ళ మీద కూర్చుని నోట్లో కప్పు పట్టుకుని ఉంటుంది. తాంగ్ చక్రవర్తి షువాన్‌జాంగ్ పుట్టినరోజుకి గుర్రాలు డాన్స్ చేసి, కప్పు నోట కరిచి ఆయనకి అందించేవని పాత రాతల్లో ఉంది, కవులు ఊరికే రాశార్లే అనుకునేవాళ్ళకి ఈ సీసా దొరికింది. అదే నిధిలో జపాన్ వెండి నాణేలు, పర్షియా నాణెం, బైజాంటైన్ బంగారు నాణెం కూడా ఉన్నాయి, ఒక్క జాడీలో అప్పటి ప్రపంచం సగం ఇమిడిపోయింది.

మిగతా హాల్స్ బాగుంటాయి కానీ జనం, జనం, జనం. వేసవి సెలవుల్లో పిల్లల గ్రూపులు, ఒక్కో గ్రూపుకీ మైక్ పట్టుకున్న గైడు, మీరు లేబుల్ చదివే లోపు వెనక నుంచి తోసేస్తారు. 2024 మేలో ఛిన్-హాన్ శాఖ అని ఇంకో కొత్త బిల్డింగ్ తెరిచారు ఊరి బయట, అది విశాలంగా ఉంటుంది, కానీ రెండ్రోజుల ట్రిప్‌లో అంత దూరం పోవడం దండగ, తాంగ్ బంగారం అక్కడ లేదు.

ఇక బేలిన్, రాతి శాసనాల అడవి. కోట దక్షిణ ద్వారం దగ్గర, పాత కన్ఫ్యూషియస్ గుడిలో ఉంది, మొదలైంది 1087లో. టికెట్ డబ్బులు పెట్టి కొనాలి కాబట్టి హిస్టరీ మ్యూజియంలో ఉన్నంత యుద్ధం ఉండదు. చైనీస్ చదవడం రాదు కదా, రాళ్ళ మీద అక్షరాలు చూసి ఏం చేస్తాం అని అందరూ అంటారు, నిజమే, ఒక్క అక్షరం అర్థం కాదు. అయినా చెప్తున్నా వెళ్ళండి. 837లో చెక్కిన రాతి పుస్తకాలు ఉన్నాయి అక్కడ, 114 రాళ్ళు, రెండు వైపులా, ఆరున్నర లక్షల అక్షరాలు. అచ్చు పుస్తకాలు ఇంకా వాడుకలోకి రాని రోజుల్లో చేత్తో రాసుకునే కాపీల్లో తప్పులు దొర్లుతాయని, అసలు పాఠం ఇదిగో, దీన్ని చూసి సరిచూసుకోండి అని రాతిలో పెట్టేశారు. 1556 భూకంపంలో వీటిలో కొన్ని విరిగాయి, ఆ అతుకులు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇందాక చుట్టరికం అన్నాను కదా. ఇక్కడే 672లో నిలబెట్టిన ఒక రాయి ఉంది, నల్లగా, మధ్యలో ఏటవాలుగా పగులు. దాని మీద ఉన్నది తాంగ్ చక్రవర్తి తైజాంగ్ రాసిన ముందుమాట, ఎవరి అనువాదాలకి అంటే మన స్కూల్ పుస్తకాల్లో చదువుకున్న హుయాన్‌త్సాంగ్ అనువాదాలకి. అదే హుయాన్‌త్సాంగ్ ఏడో శతాబ్దంలో వేంగికి వచ్చాడు, ధాన్యకటకం వచ్చి కొన్ని నెలలు ఉండి అక్కడి భిక్షువుల దగ్గర అభిధర్మం, అంటే బౌద్ధ తత్వశాస్త్రం, చదువుకున్నాడు, ధాన్యకటకం అంటే అమరావతి పక్క ధరణికోట అని చాలామంది చెప్తారు. 645లో 657 గ్రంథాలతో ఈ ఊరికే తిరిగొచ్చాడు. ఆ రాయి మీద అక్షరాలు కూడా చిత్రంగా పుట్టాయి, నాలుగో శతాబ్దపు గొప్ప లిపికారుడు వాంగ్ షీజీ చేతిరాతలోంచి ఒక్కో అక్షరం ఏరుకొచ్చి, ఒక భిక్షువు ఇరవై ఏళ్ళకి పైగా కూర్చుని ఈ పాఠం కూర్చాడు. చైనావాళ్ళు ఆ లిపి కోసం దాని ముందు నిలబడతారు, మనం మాత్రం ఇంకో కారణంతో నిలబడొచ్చు.

అదే హాల్లో 781 నాటి క్రైస్తవ శాసనం, తల మీద చిన్న శిలువ, శిలువ కింద తామర పువ్వు, అడుగున సిరియాక్ లిపిలో పేర్లు. ఇంకోచోట తైజాంగ్ యుద్ధ గుర్రాల శిల్పాలు, ఆరింటిలో నాలుగే అసలువి, మిగతా రెండు అమెరికాలో ఫిలడెల్ఫియాలోని పెన్ మ్యూజియంలో ఉన్నాయి, అమెరికాలో ఉండే మనవాళ్ళు అక్కడ చూసి ఉంటారు, ఇక్కడ వాటి నకళ్ళు పెట్టారు. టక్ టక్ అని చప్పుడు వినిపిస్తే అటు వెళ్ళండి, రాయి మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, పైన ఇంకు గుడ్డతో అద్ది అచ్చు తీస్తుంటారు, కాగితం మీద తెల్ల అక్షరాలు ఒక్కొక్కటే తేలుతుంటే చూస్తూ ఉండిపోతాం. పిల్లలు కూడా అక్కడ కదలకుండా నిలబడతారు, మిగతా చోట్ల మాత్రం వాళ్ళకి విసుగే, ఒప్పుకుంటాను.

షియాన్ మ్యూజియం అని ఇంకోటి, చిన్న హంస పగోడా ఆవరణలో, దీన్ని డిజైన్ చేసిందీ జాంగ్ జిన్‌చ్యూనే. ఉచితం, ప్రశాంతం. కింది అంతస్తులో పాత ఛాంగ్‌ఆన్ (షియాన్‌కి అప్పటి పేరు) నగరం నమూనా పెద్దది ఉంది, పది లక్షల మంది ఉన్న ఊరు చదరంగం గళ్ళలా వీధులు వేసి ఎలా కట్టారో దాన్ని చూస్తే ఊరంతా అర్థమవుతుంది. బయట పగోడా 707లో కట్టింది, 1487 భూకంపంలో పైనుంచి కిందికి చీలి 1521లో ఇంకో భూకంపానికి మళ్ళీ మూసుకుందని చెప్తారు. హిస్టరీ మ్యూజియం టికెట్ దొరకని వాళ్ళకి ఇది నిజమైన ప్రత్యామ్నాయం, పెద్దవాళ్ళతో వెళ్తే నేనైతే మొదటే దీనికి ఓటేస్తాను, తోటలో బెంచీలున్నాయి, తోపులాట లేదు.

హాన్ యాంగ్లింగ్, అంటే హాన్ వంశపు చక్రవర్తి జింగ్ సమాధి, దాని గురించి ఒక్క ముక్క, ఎయిర్‌పోర్ట్ వైపు ఉంటుంది కాబట్టి ఫ్లైట్ రోజు సరిపోతుంది. భూమి కింద గోతుల మీద అద్దాల నేల, కాళ్ళ కింద రెండడుగుల బొమ్మలు, చేతులు లేకుండా, బట్టలు లేకుండా. చేతులు చెక్కవి, బట్టలు పట్టువి, రెండూ చీకిపోయాయి. ఈ చక్రవర్తి సైన్యంతో పాటు మేకలు, పందులు, కుక్కలు, ఆవుల మందలు కూడా మట్టితో చేయించి పెట్టుకున్నాడు. సైనికుల దగ్గర జనాన్ని చూసి చిరాకేసిన వాళ్ళకి ఇక్కడ హాయిగా ఉంటుంది.

నన్నడిగితే మొదటి రోజు సైనికులు, కంచు రథాలతో కలిపి. రెండో రోజు పొద్దున్నే బేలిన్, మధ్యాహ్నం హెజియాసున్ హాలు టికెట్ దొరికితే అది, లేకపోతే షియాన్ మ్యూజియం. పిల్లలుంటే బేలిన్ ఒక గంటలో ముగించి యాంగ్లింగ్ పెట్టుకోండి. బంగారం, నగలు, పింగాణీ మీదే మోజున్నవాళ్ళు, సాలార్‌జంగ్‌లో పూటంతా తిరిగే బాపతు, వాళ్ళు మాత్రం బేలిన్ పక్కన పెట్టి హిస్టరీ మ్యూజియం కోసమే కష్టపడాలి.

పాస్‌పోర్ట్ ఒరిజినల్ జేబులో ఉండాలి, ఫోటో కాపీతో గేటు దగ్గర పని జరగదు. అలీపే (అక్కడి ఫోన్‌పే లాంటి యాప్)లో మీ వీసా లేదా మాస్టర్ కార్డ్ ఇండియాలోనే కలుపుకుని వెళ్ళండి, అక్కడికెళ్ళాక ఓటీపీ రాక ఇరుక్కుంటారు. అక్టోబర్ మొదటి వారం, మే డే సెలవులు వద్దే వద్దు. రైల్వే స్టేషన్ బయట తక్కువ రేటుకి సైనికుల దగ్గరికి తీసుకెళ్తాం అని పిలిచే బస్సులు ఎక్కకండి, నకిలీ బొమ్మల షెడ్డు చూపించి షాపులో దింపేస్తారు. శాకాహారులు ల్యాంగ్‌పీ అని అడగండి, చల్లటి నూడుల్స్ మీద కారం నూనె, మాంసం వేయొద్దని ఫోన్‌లో చైనీస్‌లో రాసి చూపిస్తే చాలు. ఇంకా, హిస్టరీ మ్యూజియం సోమవారం సెలవు, షియాన్ మ్యూజియం మంగళవారం సెలవు, సోమ మంగళవారాల్లోనే ఊళ్ళో ఉండేవాళ్ళు సోమవారం సైనికుల దగ్గరికి పోయి, హిస్టరీ మ్యూజియం పోటీని మంగళవారానికి పెట్టుకోండి.