గ్లోబల్ గ్రోత్ ఫండ్‌లో ఆరేళ్లు: డాలర్ ఫీజు కోసం రూపాయల సిప్

పిల్లల్ని ఎమ్మెస్‌కి అమెరికా పంపాలనుకునే ఇళ్లు హైదరాబాద్‌లో ప్రతి వీధిలోనూ ఉంటాయి. అందుకోసం దాచే డబ్బు మాత్రం ఎక్కువగా ప్లాటులోకో, చిట్టీలోకో, ఎఫ్‌డీలోకో వెళుతుంది. కట్టాల్సిన ఫీజు డాలర్లలో, కూడబెట్టేదేమో రూపాయల్లో. ఈ తేడా గురించి ఆలోచించే 2019 చివర్లో, మా అమ్మాయి ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా, ఒక గ్లోబల్ గ్రోత్ ఈక్విటీ ఫండ్‌లో (బాగా ఎదుగుతాయనుకునే విదేశీ కంపెనీల షేర్లు కొనేది) నెలకు పదివేల సిప్ (నెలనెలా ఖాతాలోంచి కట్ అయ్యే పెట్టుబడి) మొదలుపెట్టాను. డైరెక్ట్ ప్లాన్, అంటే ఏజెంటు కమిషన్ లేనిది. 2025లో కొంత తీసి ఫీజుకు వాడాం, మిగిలింది ఇంకా ఉంది. అంటే పెట్టడం, ఆగడం, పడటం, లేవడం, తీసుకోవడం అన్నీ చూశాను కాబట్టి ఈ సమీక్ష రాస్తున్నాను. ఫండ్ పేరు రాయడం లేదు. రాస్తే సిఫారసు అనుకుంటారు. పైగా నేను చెప్పబోయేవాటిలో చాలావరకు ఈ తరహా ఫండ్లన్నిటికీ వర్తిస్తాయి.

ముందు డబ్బు ఎలా వెళుతుందో చెబుతాను. మన రూపాయలు ఇక్కడి ఫండ్ సంస్థకు చేరతాయి. వాళ్లు వాటిని డాలర్లుగా మార్చి, లక్సెంబర్గ్‌లో నమోదైన అసలు ఫండ్ యూనిట్లు కొంటారు. షేర్లు ఎంచుకునేది ఆ అసలు ఫండ్ మేనేజరే. దీన్నే ఫండ్ ఆఫ్ ఫండ్స్ అంటారు. కాబట్టి ఖర్చు రెండు చోట్ల పడుతుంది: ఇక్కడి సంస్థ తీసుకునేది ఒకటి, అక్కడి ఫండ్‌లో కోత పడేది ఇంకొకటి. యాప్‌లో పైకి కనిపించే శాతం చూసి చవక అనుకోవద్దు, స్కీం పత్రంలో రెండో ఖర్చు కూడా రాసి ఉంటుంది. ఇప్పటికే కమిషన్ ఉండే రెగ్యులర్ ప్లాన్‌లో ఉన్నవాళ్లు డైరెక్ట్‌కి మారితే అది పన్ను లెక్కలో అమ్మకమే అవుతుంది. ఆ సంగతి చూసుకుని మారండి.

సిప్ డబ్బు ఖాతాలో కట్ అయిన రోజే యూనిట్లు కనిపించవు. మామూలు ఈక్విటీ ఫండ్ల ఎన్ఏవీ (ఆ రోజు యూనిట్ ధర) ఆ రాత్రికే వచ్చేస్తుంది, దీనిది మర్నాటికి గానీ రాదు. న్యూయార్క్‌లో మార్కెట్ ముగిసేసరికి మనకు అర్ధరాత్రి దాటుతుంది మరి. అక్కడ థాంక్స్‌గివింగ్ సెలవు వస్తే ఇంకా ఆలస్యం. కొత్తలో ఇది చూసి టెన్షన్ పడేవాళ్లుంటారు, అక్కర్లేదు.

ఇక లోపల ఏముందన్నది. ఫ్యాక్ట్‌షీట్‌లో మొదటి పది పేర్లు చదివితే గచ్చిబౌలి నుంచి నానక్‌రామ్‌గూడ వెళ్లే దారిలో బోర్డులు చదివినట్టే ఉంటుంది: మైక్రోసాఫ్ట్, అమెజాన్, గూగుల్. వాటితోపాటు ఎన్విడియా, తైవాన్ సెమీకండక్టర్, చిప్పుల తయారీకి యంత్రాలు చేసే నెదర్లాండ్స్ కంపెనీ ఏఎస్‌ఎంఎల్, డెన్మార్క్ మందుల కంపెనీ నోవో నార్డిస్క్ లాంటివి కూడా నా ఫండ్‌లో వస్తూ పోతూ ఉన్నాయి. పేరుకు ప్రపంచమంతా అయినా సగానికి పైగా అమెరికానే. అభివృద్ధి చెందిన దేశాల షేర్లకు కొలమానంగా వాడే ఎంఎస్‌సీఐ వరల్డ్ సూచీలోనే అమెరికా వాటా 70 శాతం దాకా ఉంటుంది కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

నోవో గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను, ఈ ఫండ్‌లో నాకు లోతుగా తెలిసిన కంపెనీ అదొక్కటే. షుగర్‌కు వాడే నోవో వారి సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ బరువు కూడా తగ్గిస్తుందని తేలాక దానికొచ్చిన గిరాకీ మామూలుది కాదు. 2023 సెప్టెంబరులో నోవో ఐరోపాలోకెల్లా విలువైన కంపెనీ అయింది. తర్వాత ఎలి లిల్లీ మందు పోటీకి వచ్చింది, అమెరికాలో కాంపౌండింగ్ ఫార్మసీలు అదే మందును చవగ్గా కలిపి అమ్మడం మొదలుపెట్టాయి. 2025 జూలై చివర్లో కంపెనీ అమ్మకాల అంచనా తగ్గించిన రోజు షేరు ఒక్కరోజులోనే ఐదో వంతుకు పైగా పడిపోయింది. మందు మంచిదే, రోగులకు పనికొస్తోంది, అయినా షేరు అలా పడింది. ఎందుకంటే గ్రోత్ షేరుకు మనం ఇచ్చే ధరలో రాబోయే పదేళ్ల ఆశ ముందే కలిసి ఉంటుంది. ఆ ఆశలో కాస్త తరుగు వచ్చినా ధర బాగా దిగుతుంది. అప్పటికి నా ఫండ్‌లో దాని వాటా తక్కువ కాబట్టి ఎన్ఏవీకి పెద్దగా తగల్లేదు. మేనేజర్‌కు ఇచ్చే ఫీజుకు నాకు దొరికిన ప్రతిఫలం ఇలాంటి చోటే కనిపించింది.

2022 మాత్రం ఈ తరహా ఫండ్లన్నిటికీ తగిలింది. అమెరికా ఫెడరల్ రిజర్వ్ ఆ మార్చిలో దాదాపు సున్నా దగ్గరున్న వడ్డీని పెంచడం మొదలుపెట్టి, 2023 జూలై నాటికి 5.25-5.50 శాతానికి తెచ్చింది. వడ్డీ పెరిగేకొద్దీ అలా రేపటి ఆశ మీద నిలిచిన షేర్ల ధర దిగుతుంది. అమెరికా పెద్ద టెక్ కంపెనీలు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ 100 సూచీ 2022లో 33 శాతం పడింది. అదే ఏడాది మన నిఫ్టీ 4 శాతం పెరిగింది. మా ఆఫీసు క్యాంటీన్‌లో అందరి ఫండ్లూ పచ్చగా ఉంటే నాది ఒక్కటే ఎర్రగా ఉండేది. అయితే రూపాయి కూడా ఆ ఏడాది 74 నుంచి 82 దాటి జారింది. అందువల్ల డాలర్లలో మూడో వంతు పోయిన సూచీ మన రూపాయల్లో చూస్తే పావు వంతు దాకా పోయింది. రూపాయి జారడం ఈ ఫండ్ పెట్టుబడిదారుడికి కొంత అడ్డుకట్ట అవుతుందని చదవడం వేరు, స్టేట్‌మెంట్‌లో చూడటం వేరు.

నన్ను నిజంగా బాధపెట్టింది పడటం కాదు, తలుపు మూసేయడం. మన మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి విదేశీ షేర్లలో పెట్టగలిగేది 700 కోట్ల డాలర్లు, ఒక్కో సంస్థకు 100 కోట్ల డాలర్లు అని పరిమితి ఉంది. విదేశీ ఈటీఎఫ్‌లకు (మార్కెట్లో షేర్లలా కొని అమ్మే ఫండ్లు) వేరే 100 కోట్లు. మొత్తానికి పెట్టిన ఆ 700 కోట్ల గీత 2008 నాటిది. 2022 ఆరంభంలో పరిశ్రమ ఆ గీత దగ్గరకు చేరేసరికి కొత్త డబ్బు తీసుకోవద్దని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పింది. ఫిబ్రవరి మొదటి వారంలో నా సిప్ ఆగిపోయిందని మెసేజ్ వచ్చింది. యూనిట్లు చవగ్గా దొరుకుతున్న నెలల్లోనే కొనే వీలు లేకుండా పోయింది. జూన్‌లో, ఫిబ్రవరి 1 నాటి స్థాయి దాటకుండా మళ్లీ తీసుకోవచ్చని సెబీ అనుమతిచ్చింది. కానీ ఏ ఫండ్ ఎప్పుడు తెరుస్తుందో, మళ్లీ ఎప్పుడు మూస్తుందో సంస్థను బట్టి మారుతూ వచ్చింది. 2024 ఏప్రిల్ నుంచి విదేశీ ఈటీఎఫ్‌ల ద్వారా పెట్టే ఫండ్లకూ ఇలాగే బ్రేక్ పడింది. పదిహేనేళ్లలో మన మదుపరులు ఎంత పెరిగారు, ఫండ్లలోకి వచ్చే డబ్బు ఎంత పెరిగింది! ఆ గీత మాత్రం అక్కడే ఉంది. చిన్న జీతగాడు క్రమశిక్షణతో నెలనెలా పెట్టుకునే దారిని మధ్యలో ఆపడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఆగిన నెలల్లో ఆ పదివేలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో వేశాను. మీరూ అలాంటి రెండో దారి ఒకటి ముందే అనుకుని ఉంచుకోండి.

పన్ను నిబంధనలు నేను ఉండగానే రెండుసార్లు మారాయి. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న యూనిట్ల లాభాన్ని, ఎంతకాలం ఉంచినా, మన ఆదాయానికి వర్తించే స్లాబ్ ప్రకారం పన్ను కట్టమన్నారు. 2024 బడ్జెట్ దాన్ని సడలించింది. 2025 ఏప్రిల్ నుంచి అమ్మే విదేశీ ఈక్విటీ ఫండ్ యూనిట్లు 24 నెలలు దాటి ఉంటే 12.5 శాతం, అంతకంటే ముందు అమ్మితే స్లాబ్ పన్ను. ఇక్కడి ఈక్విటీ ఫండ్లకు ఉండే లక్షా పాతిక వేల మినహాయింపు దీనికి లేదు. అయితే ఒక సుఖం ఉంది: నేరుగా అమెరికా షేర్లు కొనేవాళ్లలా రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక నింపే పని లేదు, బయటికి డబ్బు పంపినప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను (టీసీఎస్) కూడా ఈ పెట్టుబడి మీద ఉండదు.

మా బావమరిది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక అమెరికన్ కంపెనీలో పనిచేస్తాడు. షాద్‌నగర్‌లో ప్లాటు కొన్న కొత్తలో నాతో, "బావా, ప్లాటైతే కండ్లకు కనబడ్తది, నీ ఫండ్ ఏడున్నది?" అనేవాడు. రెండేళ్ల కిందట తనే వచ్చి ఈ ఫండ్‌లో ఎంత పెట్టమంటావని అడిగాడు. "నువ్వు పెట్టొద్దు" అన్నాను. అతని జీతం, బోనస్, చేతిలో ఉన్న కంపెనీ షేర్లు, అతని భార్య ఉద్యోగం, అన్నీ అమెరికా టెక్నాలజీ మీదే నిలబడి ఉన్నాయి. 2022 నవంబరులో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించిన రోజులు గుర్తు చేశాను. సరిగ్గా ఆ నెలల్లోనే ఈ ఫండ్ కూడా నేల మీద ఉంది. ఉద్యోగానికి భయమున్నప్పుడే పొదుపు కూడా తగ్గి కనిపిస్తే మనిషి నష్టానికి అమ్ముకుంటాడు. ఐటీ దంపతులు ఈ ఫండ్‌ను చాలా చిన్న వాటాకు పరిమితం చేయాలి, లేదా మానేయాలి. నాలాంటి ఫార్మా ఉద్యోగికి, టీచర్లకు, వ్యాపారస్తులకు ఇది ఎక్కువ పనికొస్తుంది. ఈ మాట ఏ డిస్ట్రిబ్యూటరూ చెప్పగా నేను వినలేదు.

రాబడి సంగతి సూటిగా చెబుతాను. అదే డబ్బు నాస్‌డాక్ 100 ఇండెక్స్ ఫండ్‌లో పెట్టి కదలకుండా ఉన్నవాళ్లకు నాకంటే ఎక్కువ వచ్చింది. ఐరోపా, ఆసియా షేర్లు నా ఫండ్‌ను కొంత వెనక్కి లాగాయి. ఎఫ్‌డీ కంటే మాత్రం చాలా మెరుగు. నాకు ముఖ్యమైన కొలత ఇంకొకటి. సిప్ మొదలుపెట్టినప్పుడు డాలర్ 71 రూపాయల చుట్టుపక్కల ఉంది. 2025 ఆగస్టులో ఫీజు కట్టేటప్పటికి 87 దాటింది. అంటే యూనివర్సిటీ పైసా పెంచకపోయినా మనకు ఐదో వంతుకు పైగా భారం పెరిగింది. ఈ డబ్బు మాత్రం డాలర్‌తోపాటే పెరిగింది, కాబట్టి రూపాయి జారిన వార్త విన్నప్పుడల్లా మా ఇంట్లో గుండెలు బాదుకోవాల్సిన పని పడలేదు. మొదటి సెమిస్టర్ ఫీజు పూర్తిగా దీన్నుంచే వచ్చింది. మిగతా ఖర్చుకు విద్యారుణం తీసుకున్నాం, కానీ అనుకున్నదానికంటే తక్కువే.

తీసేటప్పుడు తొందర పనికిరాదు. రిడెంప్షన్ (యూనిట్ల అమ్మకం) పెట్టాక డబ్బు మన బ్యాంకుకు చేరడానికి పనిదినాల్లోనే దాదాపు వారం పట్టింది. తర్వాత బ్యాంకులో విదేశీ చెల్లింపు ఫారాలు, యూనివర్సిటీ ఇన్వాయిస్, పాన్ వివరాలు, వాటి పని వాటికుంది. చివరి తేదీకి కనీసం మూడు వారాల ముందే మొదలుపెట్టండి. రెండో ఏడాది ఫీజుకు కావలసిన మొత్తాన్ని ఈ ఫండ్ నుంచి తీసి ఇప్పటికే పెద్దగా ఒడిదుడుకులుండని లిక్విడ్ ఫండ్‌లోకి మార్చేశాను. మిగిలిన యూనిట్లు అలాగే ఉన్నాయి, సిప్ నడుస్తోంది. మా అబ్బాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి.