కొత్త రంగు కొట్టిన పాత మోపెడ్ కొంటున్నరా? జర ఆగుండ్రి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు దిక్కు పాత లూనాలు, సువేగాలు వెతుకుతున్న అన్నలు, తమ్ముళ్లందరికీ చెప్తున్న. "ఫుల్ రీస్టోర్డ్, షోరూం కండిషన్" అని ఎవరన్న ఫోటోలు పెడితే ఉరికి అడ్వాన్స్ పంపకుండ్రి. నేను పంపిన. 32 వేలు పోసి కొన్న.

మా బాపు ఎరువుల దుకాణంల గుమాస్తా. బాకీల వసూలుకు సువేగా మీదనే ఊరూరు తిరిగెటోడు. ఫ్రాన్స్ మోటోబెకాన్ కంపెనీ లైసెన్సుతోని మన తిరుపతిల మోపెడ్స్ ఇండియా వాళ్లు తయారు చేసిన బండి అది. పెడల్ తొక్కుతుంటే ఇంజన్ అందుకునే ఆ టకటక చప్పుడు నాకు ఇప్పటికీ చెవులల్ల ఉంది. అందుకే మా జిల్లాలనే ఒక పెయింటింగ్ షెడ్డుల ఎర్రగ మెరుస్తున్న సువేగా కనబడంగనే ఇంకేం చూడలె.

మృగశిర దాటి రెండు వానలు పడ్డయో లేదో, ట్యాంకు అడుగున రంగుకు బొబ్బలు లేచినయి. ఒకదాన్ని గోరుతోని ఒత్తితే పటుక్కున పగిలింది. లోపల ఇనుము లేదు, లప్పం ఉంది. రెండు రూపాయి బిళ్లలు పేర్చినంత మందం పెచ్చు ఊడి చేతుల పడ్డది. వెనుకనే తుప్పు పొడి, ఆ తర్వాత పెట్రోలు చెమ్మ. చిల్లులకు ఎం-సీల్ పెట్టి, దాని మీద లప్పం పూసి, దాని మీద రంగు కొట్టిన్రు. కింద కాలే ఇంజన్, మీద పెట్రోలు కారే ట్యాంకు. ఆ బండి మీద నేను నా చిన్న బిడ్డను ఎక్కించుకొని బడికి తీస్కపోయిన. అది యాదికొస్తే ఇప్పటికీ కాళ్లు వణుకుతయి.

ఇగ అనుమానం వచ్చి మొత్తం విప్పించిన. కార్బురేటర్ వేరే మోపెడ్‌ది. హెడ్‌లైట్ డూమ్ ప్లాస్టిక్‌ది. ఒరిజినల్ సామాను ఏదని షెడ్డాయన్ను అడిగితే, "తుప్పు పట్టినయి గదన్నా, పాత ఇనుప సామానోళ్లకు తూకానికి ఇచ్చినం" అన్నడు. యాభై ఏండ్లు బతికిన సామాను కిలోల లెక్కన పోయింది! సీటు కింద బ్రాకెట్ తీసినంక, గ్రైండర్ అందని మూలల, బొటనవేలి గోరంత జాగల అసలు రంగు దొరికింది. లేత నీలం. బాపు బండి రంగు గూడ అదే.

అంతకన్న పెద్ద దెబ్బ చాసిస్ (బండి చట్రం) నంబర్. తుప్పు గీకుతున్నమని గ్రైండర్ తిప్పితే రెండు అంకెలు అరిగిపోయినయి, మిగిలినవి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడికి కరిగించే పూత) మందంల పూడుకపోయినయి. 2021 జూలైల కేంద్రం వింటేజ్ బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏండ్లు దాటాలె, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగ మార్చకుండ అసలు రూపంల ఉండాలె. అప్పుడు నంబర్ల "వీఏ" అక్షరాలు వస్తయి. కొత్తగ చేయించుకుంటే ఫీజు 20 వేలు, 10 ఏండ్లు చెల్లుతది. నేను ఆ ఆశతోనే కొన్న. నంబరే కనబడని బండిని ఏ మొకం పెట్టుకొని చూపియ్యాలె?

అందుకే పోయేటప్పుడు పాత స్పీకర్‌ల అయస్కాంతం ఒకటి జేబుల ఏస్కొని పోండ్రి. గీతలు పడకుండ పల్చని గుడ్డ చుట్టి ట్యాంకు, మడ్‌గార్డుల మీద మెల్లగ జరపుండ్రి. ఉత్త రంగు మీద గట్టిగ పట్టుకుంటది, లప్పం మందంగ ఉన్న కాడ జారిపోతది. ట్యాంకు మూత తీసి లోపలికి టార్చ్ కొట్టుండ్రి. బయట అద్దం లెక్క మెరిసి లోపల గోధుమ రంగు పొరలు ఉన్నయంటే బేరం ఆపెయ్యుండ్రి. ఆర్‌సీ చేతుల పట్టుకొని చాసిస్, ఇంజన్ నంబర్లు అంకె అంకె సరిచూసుకోండ్రి. "రంగు కింద ఉందన్నా" అంటే, రంగు తీసి చూపియ్యమనుండ్రి.

నా మటుకు నేను ఇగ కొంటే మురికి పట్టిన బండే కొంట. తుప్పు చుక్కలు ఉన్నా, రంగు వెలిసినా, అది కళ్లకు కనబడే రోగం. కిరసనాయిలు గుడ్డతోని జిడ్డు తుడిచి, ఆరినంక మైనం పాలిష్ పెడితే ఆ వెలిసిన రంగే ఎంత ముద్దుగ ఉంటదో చేసి చూడుండ్రి. క్రోమ్ మీది తుప్పుకు వంటింట్ల అల్యూమినియం కాగితం నీళ్లల్ల ముంచి రుద్దితే చాలామటుకు పోతది. ఎమరీ పేపర్ మాత్రం ముట్టియ్యొద్దు. ఇప్పటి పెట్రోల్ల ఇథనాల్ ఉంటది, అది నీళ్లను గుంజుకుంటది, నడపని బండి ట్యాంకుల పెట్రోలు నిలవ ఉంచకుండ్రి.

రంగే వద్దని నేను అంటలేను. తుప్పు ఇనుమును తినేసి చాసిస్ బలం పోతుంటే, లేదా ఇంతకు ముందే ఎవరో రంగు కొట్టి ఖరాబు చేసి ఉంటే, వెల్డింగ్ చేయించి కొట్టుకోవాల్సిందే. కాకుంటే ముందుగల్ల ప్రతి గీత, ప్రతి స్టిక్కర్ ఫోటో తీసుకోండ్రి. విప్పిన బోల్టు కాడికెల్లి అన్నీ సంచిల ఏసి ఇంటికి తెచ్చుకోండ్రి. షెడ్డుల ఒక్కటి గూడ వదలొద్దు.

నేనిప్పుడు సువేగా అసలు కార్బురేటర్, ఇనుప హెడ్‌లైట్ డూమ్ వెతుకుతున్న. మీ అటక మీద ఉంటే నాకు అమ్మకున్నా సరే, పాత ఇనుపోళ్లకు మాత్రం ఇయ్యకుండ్రి.