మూడు రాత్రులు, మూడు హట్లు: వైట్ మౌంటెన్స్ అడవుల్లో కాలినడక

బోస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారిలో న్యూహాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్ చూడనివారు అరుదు. అయితే చాలామంది చూసేది కారు కిటికీలోంచే. రంగు మారిన ఆకుల కోసం అక్టోబరులో వెళ్ళి, కాంకమాగస్ రహదారి మీద నాలుగు చోట్ల ఆగి ఫోటోలు తీసుకుని, లింకన్ ఊళ్ళో ఏదో ఒకటి తిని, చీకటి పడేలోగా ఇంటిదారి పడతారు. మేమూ ఏళ్ళ తరబడి చేసింది అదే. నిరుడు సెప్టెంబరు రెండవ వారంలో మాత్రం నేను, నా భార్య, నాషువాలో ఉండే ఆమె అన్నగారు కలిసి జీలాండ్ నుంచి ఫ్రాంకోనియా నాచ్ అనే కనుమ వరకు నాలుగు రోజులు నడిచాం. మూడు రాత్రులూ కొండ మీది హట్లలోనే ఉన్నాం.

హట్ అనగానే పూరి గుడిసె గుర్తుకు రావడం సహజమే కానీ, ఇవి ముప్పై నుంచి తొంభై మంది వరకు పడుకోగల గట్టి కట్టడాలు. 1876లో బోస్టన్‌లో ఏర్పడిన అపలాచియన్ మౌంటెన్ క్లబ్ వీటిని నడుపుతోంది. మొదటిదాన్ని 1888లో మాడిసన్ స్ప్రింగ్ దగ్గర కట్టారు. ఇప్పుడు మొత్తం ఎనిమిది ఉన్నాయి. ఏ హట్‌కూ కారు వెళ్ళదు. అందుకే మేము ముందురోజే ఒక కారును ఫ్రాంకోనియా నాచ్‌లో వదిలి, రెండోదాంట్లో జీలాండ్ రోడ్డు చివరకు చేరుకున్నాం.

ధర సంగతి మొదటే చెప్పాలి, ఎందుకంటే విన్నవారందరూ నోరెళ్ళబెట్టేది అక్కడే. మనిషికి రాత్రికి వంద డాలర్లు దాటుతుంది, సభ్యులకు కొంత తగ్గింపు ఉంటుంది. ఆ డబ్బుకు దక్కేది పలువురితో కలిసి పడుకునే గదిలో ఒక బంకు, ఉన్ని కంబళ్ళు, దిండు, రాత్రి భోజనం, ఉదయం ఫలహారం. దుప్పటి మనదే. స్నానాల గది లేదు, ఫోను ఛార్జింగు పెట్టుకునే సదుపాయం ఉండదు, కుళాయిలో చన్నీళ్ళే వస్తాయి. ఇంత పోసి స్నానం కూడా లేకపోవడమేమిటని మా బావగారు బుక్ చేసేటప్పుడు గట్టిగానే గొణిగారు. నడక మొదలుపెట్టే ముందురాత్రి లోయలోని ఒక మోటెల్‌లో దిగాం. దాని పేరు ఇక్కడ అనవసరం. ఇద్దరు స్నానం చేసేసరికి వేడినీళ్ళు అయిపోయాయి, తివాచీ ముక్కిపోయిన వాసన కొట్టింది, ఉదయం ఫలహారమని చేతిలో పెట్టింది ప్లాస్టిక్ కాగితం చుట్టిన ఒక మఫిన్. పైగా తలసరి లెక్క వేస్తే హట్ ధరకు ఎంతో దూరంలో లేదు. బావగారి గొణుగుడు అక్కడితో సగం తగ్గింది.

మిగతా సగం వీపు మీది సంచి తగ్గించింది. గుడారం, స్టవ్, గిన్నెలు, నాలుగు రోజుల తిండి మోసుకుంటే నా సంచి ముప్పై అయిదు పౌండ్లు తూగేది. బట్టలు, వానకోటు, నీళ్ళు, మధ్యాహ్నం తినడానికి చిరుతిండి మాత్రమే కావడంతో పదహారు పౌండ్లతో సరిపోయింది. యాభై ఏళ్ళు దాటిన మోకాళ్ళున్నవారికి ఈ పందొమ్మిది పౌండ్ల తేడా విలువ ఎంతో నేను లెక్కకట్టి చెప్పనక్కరలేదు.

మొదటిరోజు జీలాండ్ ఫాల్స్ హట్‌కు దారి 2.8 మైళ్ళు. చివరి నిట్టనిలువు ఎక్కుడు తప్పిస్తే అంతా చదునుగా, వాగు పక్కనే సాగుతుంది. ఈ చదునుకు కారణం పాత రైలు కట్ట. జె. ఇ. హెన్రీ అనే కలప వ్యాపారి పంతొమ్మిదవ శతాబ్దం చివర్లో దుంగలు తరలించడానికి ఇక్కడ రైలు వేశాడు. నరికిపడేసిన కొమ్మలు ఎండి 1886లో ఒకసారి, 1903లో మరోసారి నిప్పంటుకుని ఈ లోయ మాడిపోయింది. ఇలాంటి విధ్వంసాలు చూసిన జనం ఆందోళన చేయగా 1911లో వీక్స్ చట్టం వచ్చి, దాని ఆధారంగా ప్రభుత్వం భూములు కొని 1918లో వైట్ మౌంటెన్ జాతీయ అటవీ ప్రాంతాన్ని ఏర్పరచింది. ఇప్పుడు ఆ కట్టకు రెండు వైపులా బర్చ్ చెట్లు గుంపులుగా నిలబడి ఉన్నాయి. మన పూర్వులు గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రం ఈ జాతి చెట్టుదే. కాగితం పొరలా ఊడి వేలాడుతున్న తెల్లటి బెరడు చూసినప్పుడు నాకు ఆ సంగతి గుర్తొచ్చింది. అగ్గి పడిన నేలలో ముందుగా లేచేది ఈ చెట్టే కాబట్టి, ఈ అందమైన తోపు ఒక రకంగా ఆ మంటల గుర్తే.

హట్ పక్కనే జలపాతం ఉంది. వెడల్పాటి బండల మీద కూర్చుని, ఇంటి దగ్గర చేసి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. పిల్లలతో వచ్చేవారికి, కొండ ఎక్కడం ఎలా ఉంటుందో రుచి చూద్దామనుకునే పెద్దలకు ఈ మూడింటిలో నేను చెప్పేది ఇదే. ముప్పై ఆరు మంది పట్టే చిన్న హట్ కావడంతో రాత్రి భోజనాల వేళకు అందరూ పరిచయస్తులైపోతారు.

భోజనం సరిగ్గా ఆరింటికి. శాకాహారులమని బుక్ చేసేటప్పుడే రాశాం, దాన్ని మూడు చోట్లా గుర్తుపెట్టుకున్నారు. మొదట పప్పు సూపు, అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టె, తరువాత సలాడ్, మాంసం వేయని పాస్తా, చివర కేకు. రుచికి లోటు లేదు గానీ కారం అనే మాట ఆ వంటింట్లో ఎవరూ విన్నట్టు లేదు. బావగారు సంచిలోంచి కందిపొడి సీసా తీసి, వేడి రొట్టెకు వెన్న రాసి, మీద పొడి చల్లి ఎదుటి బల్లవారికి కూడా ఒక ముక్క ఇచ్చారు. వెర్మాంట్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన మూడు ముక్కలు తిని, ఈ పొడి ఏ దుకాణంలో దొరుకుతుందని అడిగాడు. రెండో రోజు పొద్దుటికి సీసా సగమైంది.

రెండో రోజు జీలాండ్ నుంచి రెండో హట్ గేల్‌హెడ్‌కు ఏడు మైళ్ళు. దారి మొదట్లోనే జీక్లిఫ్ అనే కొండ అంచు వస్తుంది. అక్కడ నిలబడి చూస్తే పెమిజవాసెట్ వనమంతా కాళ్ళ కింద పరుచుకుంటుంది, ఎటు చూసినా రోడ్డు గానీ ఇంటి కప్పు గానీ కనబడదు. పైకి వెళ్ళేకొద్దీ బీచ్, మేపుల్ చెట్లు వెనకబడి, స్ప్రూస్, ఫర్ చెట్లు దగ్గరవుతాయి. వాన వెలిసిన తరువాత ఆ ఫర్ ఆకుల వాసనను నేను దేనితోనూ పోల్చలేను. గ్రే జే పక్షులు మాత్రం జాగ్రత్త: నా భార్య చేతిలోని చిక్కీ ముక్కను ఒకటి వాలి ఎగరేసుకుపోయింది. 4,902 అడుగుల సౌత్ ట్విన్ శిఖరం నుంచి హట్‌కు 0.8 మైలే, కానీ ఆ కాస్త దూరంలో పదకొండు వందల అడుగులకు పైగా దిగాలి. బండ నుంచి బండకు కూర్చుని జారుతూ దిగడానికి మాకు గంటకు పైన పట్టింది.

గేల్‌హెడ్ మూడింటిలోకీ మారుమూలది. పాతది తీసేసి 2000 ప్రాంతంలో కొత్తగా కట్టారు. చట్టం ప్రకారం దీనికి చక్రాల కుర్చీ వెళ్ళే వాలుబాట పెట్టవలసి వచ్చినప్పుడు, ఇంత కొండ ఎక్కి కుర్చీలో ఎవరొస్తారని చాలామంది నవ్వారు. ఆ ఏడాదే చక్రాల కుర్చీ వాడే కొందరు తమ బృందంతో రాళ్ళ దారి వెంట గంటల తరబడి పెనుగులాడి పైకి చేరి, ఆ వాలుబాట మీదుగానే లోపలికి వెళ్ళారు. సౌత్ ట్విన్ మీద మోకాళ్ళ గురించి నేను చేసిన ఫిర్యాదులన్నీ ఈ సంగతి విన్నాక లోపలే దిగమింగాను.

ఇక్కడ మా బంకు గదిలో ఎనిమిది మందిమి. ఆడా మగా కలిసే పడుకోవాలని తెలిసి నా భార్య మొదటిరోజు కొంచెం బెరుకు పడింది. బట్టలు మార్చుకోవడానికి విడిగా మరుగుదొడ్ల గదులు ఉన్నాయి కాబట్టి ఇబ్బంది కలగలేదు. ఆమె అసలు ఫిర్యాదు గురక మీద, అది కూడా ఎక్కువగా తన అన్నగారి గురక మీదే. చెవిలో పెట్టుకునే దూది బిళ్ళలు మరిచిపోవద్దు. అపలాచియన్ ట్రెయిల్ అనే సుదీర్ఘ కాలిబాటను దాదాపు 2,200 మైళ్ళూ ఒకే ఊపున నడిచేవారు ఇద్దరు ఆ సాయంత్రం వచ్చారు. వాళ్ళు డబ్బు కట్టరు, అంట్లు తోమి, నేల ఊడ్చి, మిగిలిన భోజనం తిని, భోజనశాల నేల మీదే పడుకుంటారు. మేము వంద డాలర్లకు పైగా ఇచ్చి పడుకున్న కప్పు కిందనే వాళ్ళు గిన్నెలు కడిగి పడుకోవడం నాకు న్యాయంగానే తోచింది.

మూడో రోజు గార్‌ఫీల్డ్ గట్టు మీదుగా గ్రీన్‌లీఫ్ హట్‌కు 7.7 మైళ్ళు. కాగితం మీద తేలిక. నేల మీద మాకు తొమ్మిది గంటలు పట్టింది. ఒకచోట దారీ వాగూ ఒకటే అయిపోయి, పారే నీళ్ళలోనే రాళ్ళు పట్టుకుని ఎక్కాలి. చివర లఫాయెట్ శిఖరం, 5,200 అడుగులకు పైనే, చెట్లు లేని బోడి గుట్ట. గాలి ఎంత బలంగా వీస్తోందంటే బావగారి టోపీ ఏ లోయలో పడిందో చూడటానికి కూడా ఆగలేదు. అక్కడి నుంచి హట్ చిన్న చెరువు పక్కన బొమ్మలా కనబడుతుంది కానీ, ఇంకా మైలు దూరం, వెయ్యి అడుగుల దిగుడు మిగిలే ఉంటుంది. నడకకు అలవాటు లేనివారు ఈ మూడో రోజును తప్పించి, ఫ్రాంకోనియా నాచ్ నుంచే గ్రీన్‌లీఫ్‌కు ఎక్కి దిగడం మంచిదని నా అభిప్రాయం.

నాలుగో రోజు ఓల్డ్ బ్రైడిల్ పాత్ వెంట దిగుతుండగా, హట్‌లో పనిచేసే అమ్మాయి ఎదురొచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. వీపున చెక్క చట్రం, దాని మీద ఒకదానిపై ఒకటిగా నాలుగు అట్టపెట్టెలు, తాళ్ళతో బిగించి కట్టినవి, ఆమె తలకన్నా రెండడుగులు ఎత్తు. పై పెట్టె మీద గుడ్ల బొమ్మ ఉంది. గ్యాసు సిలిండర్ల వంటి బరువులు సీజను మొదట్లో హెలికాప్టర్‌లో వస్తాయి, కూరగాయలు, పాలు, గుడ్లు మాత్రం వారానికి రెండుసార్లు ఇలా మనుషుల వీపుల మీదే పైకి వెళ్ళి, చెత్త అదే చట్రాల మీద కిందికి దిగుతుంది. మేము పక్కకు ఒత్తిగిల్లి దారి ఇచ్చాం. ఆమె ఆగలేదు, ఆగితే మళ్ళీ కదలడం కష్టమట. ఒక్కో బండను ముందు కంటితో కొలిచి, తరువాత పాదం పెట్టి, చెమట తుడుచుకోకుండానే మా ముందు నుంచి పైకి వెళ్ళిపోయింది. "బావా, ధర గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను," అన్నారు బావగారు, టోపీ లేని తలను తడుముకుంటూ.

వచ్చే జూన్‌కు జీలాండ్‌లో అయిదు బంకులు బుక్ చేశాం. ఈసారి పిల్లలు కూడా వస్తున్నారు. ముందురోజు మోటెల్ మాట లేకుండా, నాషువా నుంచి తెల్లవారుజామునే బయలుదేరాలని నిర్ణయించుకున్నాం. కందిపొడి మాత్రం రెండు సీసాలు.