ఇంట్లో కట్టుకున్న అకౌస్టిక్ గిటార్: రెండు వానాకాలాలు వాడాక నా మాట

డ్రెడ్‌నాట్ సైజు (పెద్ద పెట్టె ఉండే రకం) గిటార్ కిట్ తెప్పించుకుని విజయనగరంలో మా ఇంట్లోనే కట్టుకున్నాను, రెండు వానాకాలాలు రెండు ఎండాకాలాలు దానిమీద వాయించాక ఇది రాస్తున్నా. కట్టిన వారంలోనే రాసుంటే ఐదు స్టార్లు ఇచ్చేసేవాణ్ని, మన చేత్తో చేసింది మొదటిసారి మోగితే ఎవరికి మాత్రం బుర్ర పనిచేస్తాది. ఇప్పుడైతే నాలుగే. పోయిన ఆ ఒక్కదాంట్లో కిట్‌ది సగం, మన ఊరి గాలిది సగం.

కిట్ అంటే ఏటొస్తాది అని అడిగేవాళ్ల కోసం: పక్కచెక్కలు ముందే వంచేసి ఉంటాయి, స్ప్రూస్ టాపూ (ముందుచెక్క) మహాగని వెనకచెక్కా ఆకారానికి కోసేసి ఉంటాయి, నెక్ (మెడ) దాదాపు తయారు, దానిమీది ఫింగర్‌బోర్డులో ఫ్రెట్ల (లోహపు మెట్ల) గాట్లు కూడా కోసే ఇస్తారు. బ్రేసులు (టాప్ లోపలివైపు బలానికి పెట్టే కర్ర బద్దలు) అతికించి చెక్కడం, పెట్టె మూయడం, నెక్ కూర్చడం, ఫ్రెట్లు కొట్టడం, బ్రిడ్జి (టాప్ మీద తీగల కొసలు పట్టుకునే చెక్క), పాలిష్ ఇవన్నీ మన నెత్తిమీదే. పక్కలు వంచే పని తప్పడం మంచిదే, వేడి పైపు మీద తడిచెక్క వంచడం ఇంకో విద్య, అది మొదటి గిటార్‌కి వద్దు. డబ్బు మిగుల్తాదని మాత్రం ఎవరూ దిగకండి. కిట్టు, కస్టమ్స్, క్లాంపులు, ఫ్రెట్లు అరగదీసే ఆకురాళ్లు అన్నీ కలిపి నాకు 30 వేలు దాటింది, ఆ డబ్బుకి షాపులో సాలిడ్ టాప్ గిటారే వస్తాది, సాయంత్రానికి వాయించుకోవచ్చు కూడా.

ఇక అసలు సంగతి, తేమ. గిటార్లు చేసేవాళ్లు తేమ 45, 50 శాతం ఉన్న గదిలో అతికించమంటారు. మనకి ఆషాఢం మొదలు తుపాన్ల సీజన్ అయ్యేదాకా మీటరు 80 కిందకి దిగితే గొప్ప. చెక్క తేమ తాగితే పొడవు పెద్దగా పెరగదు గాని అడ్డంగా ఉబ్బుతాది, అలగ ఉబ్బి ఉన్న టాప్‌కి అడ్డంగా బ్రేసులు అతికించేశామనుకోండి, తర్వాత ఎప్పుడో ఏసీ గదిలోనో హైదరాబాద్ చలికాలంలోనో ఆ చెక్క ఎండి కుంచించుకుందామని చూస్తాది, బ్రేసులేమో కదలనివ్వవు, ఇంక అది చీలక ఏం చేస్తాది. కిట్‌తో వచ్చిన పుస్తకంలో దీని గురించి ఒకే ఒక్క లైను రాసి ఊరుకున్నారు, మనలాంటి సముద్రం పక్క ఊళ్ల వాళ్లకి ముందు పేజీలోనే పెద్దక్షరాలతో రాయాల్సిన సంగతి అది. ఆన్‌లైన్‌లో చిన్న తేమ మీటరు దొరుకుతాది, కిట్ కంటే ముందు అది కొనండి. నేను టాపూ బ్రేసులూ అన్నీ బెడ్‌రూమ్‌లో పెట్టి ఏసీ వేసి, మీటరు 50 చూపించి అక్కడే నిలబడ్డాకే గమ్ ముట్టుకున్నాను. ‘చెక్కకి ఏసీ, మనుషులకి ఫ్యానూనా’ అని మా నాన్న ఒకటే గొణుగుడు.

బ్రేసులు నొక్కిపట్టడానికి ఖరీదైన క్లాంపులేవీ అక్కర్లేదు. వెదురు బద్దల్ని కొంచెం పొడుగ్గా కోసుకుని, పైన గట్టి కప్పు ఏదైనా ఉంటే దానికీ బ్రేసుకీ మధ్య విల్లులా వంచి నిలబెడితే చాలు, ఆ వంపే నొక్కుతాది. మా వంటింటి గట్టు బండ కింద గ్యాస్ సిలిండర్ పక్కకి లాగేసి, అక్కడ పలక వేసి దానిమీద టాప్ పెట్టి బద్దలు ఆనించాను, ఏసీ గాలి అక్కడిదాకా రాదని భయపడ్డా గాని, మా వంటింట్లో ఆ పూట మీటరు 55 చూపించింది, వదిలేశాను. సంక్రాంతి వెళ్లాక చేసిన పని అది, శ్రావణంలో అయితే కుదిరేది కాదు. పక్కల లోపలివైపు అతికించే సన్న పట్టీకి చెక్క బట్టలక్లిప్పులు వాడండి, పైన సైకిల్ ట్యూబు ముక్కలు కోసి రబ్బరు బ్యాండ్లలా చుడితే పట్టు బాగుంటాది. ఉత్త ప్లాస్టిక్ క్లిప్పులకి ఆ బలం లేదు. గమ్ మాత్రం టైట్‌బాండ్ ఒరిజినల్ తెప్పించుకోండి. మామూలు తెల్ల గమ్ కుర్చీలకీ తలుపులకీ పర్లేదు, ఇక్కడ ఆరు తీగలూ కలిపి రాత్రీ పగలూ 70 కిలోల పైనే లాగుతూ ఉంటాయి, మెత్తటి గమ్ అయితే ఆ లాగుడుకి మెల్లగా జారిపోతాది.

ఉలి సానబెట్టడం మా వీధి వడ్రంగి మేస్త్రి దగ్గర నేర్చుకున్నాను. బ్రేసులు చెక్కేటప్పుడు ఆయన పక్కనే కూర్చుని చూశాడు. 1840ల్లో అమెరికాలో మార్టిన్ గిటార్ కంపెనీ వాళ్లు బ్రేసులకి వాడడం మొదలెట్టిన ఎక్స్ ఆకారమే ఇప్పటికీ స్టీలు తీగల గిటార్లకి నడుస్తోంది. కొంచెం చెక్కడం, టాప్‌ని రెండు వేళ్లతో అంచున పట్టుకుని చెవి దగ్గర పెట్టి కణుపుతో కొట్టడం, మళ్లీ చెక్కడం. మొదట్లో టక్కుమని అట్టలా పలికేది, చివర్లు పల్చబడేకొద్దీ శబ్దం కిందకి దిగి కాసేపు నిలబడడం మొదలెట్టింది. ‘ఇంక ఆపు బాబూ, తీసినది మళ్లీ అతకదు’ అన్నాడు మేస్త్రి. ఆపేశాను. నా గిటార్‌లో ఏ మంచి ఉన్నా ఆ పూట దగ్గరే ఉందని నా నమ్మకం.

నెక్ విషయంలో మొదటిసారి కట్టేవాళ్లు బోల్టులతో బిగించే రకమే తీసుకోండి, డవ్‌టెయిల్ (చెక్కలో చెక్క దూర్చి అతికించే అతుకు) జోలికి పోవద్దు. ఫ్రెట్ల మీద ఇనుప స్కేలు పెడితే దాని కొస బ్రిడ్జి పైఅంచుకి సరిగ్గా తగలాలి, తగలకపోతే నెక్ మడమకీ (పెట్టెకి ఆనే మొదలు) పెట్టెకీ మధ్య సాండ్‌పేపర్ పట్టీ దూర్చి లాగుతూ తీయాలి. మడమ కింద అర మిల్లీమీటరు తీస్తే శాడిల్ (బ్రిడ్జిలో తీగలు ఆనే ఎముక ముక్క) దగ్గర దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు మారిపోతాది, కాబట్టి నాలుగు లాగులకోసారి బిగించి చూసుకోండి. విసుగ్గా ఉంటాది గాని వాయించడానికి హాయిగా ఉందా లేదా తేల్చేది ఇదే.

మధ్యలో బొబ్బిలి వెళ్లి గొల్లపల్లిలో వీణలు చేసే చోట కాసేపు కూర్చున్నాను. వీణ మెట్లు మైనం మీద కూర్చుంటాయి కదా, మేళం కట్టేటప్పుడు చెవితో వింటూ అటూ ఇటూ జరుపుకుంటారు. మనవి కొట్టేస్తే ఇంక కదలవు, అంతా లెక్కే: మోగే తీగలో మిగిలిన పొడవుని 17.817తో భాగించుకుంటూ పోతే ఒక్కో ఫ్రెట్ చోటు వస్తాది, 25.4 అంగుళాల స్కేలుకి (తీగ మోగే మొత్తం పొడవు) 12వ ఫ్రెట్ సరిగ్గా సగంలో పడాలి. ఇది చెప్తే అక్కడున్న తాత ‘మరి శృతి తేడా వస్తే ఏటి సేస్తారు?’ అన్నాడు. సరైన ప్రశ్న. తీగ నొక్కితే సాగి బిగుస్తాది, స్వరం పైకి పోతాది, దానికి సరిపడా శాడిల్‌ని సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లు, లావు తీగ వైపు 4, 5 మిల్లీమీటర్లు వెనక్కి ఏటవాలుగా పెడతారు. మన సర్దుబాటంతా ఆ ఒక్క ఎముక ముక్కలోనే. బ్రిడ్జి అతికించే ముందు ఈ కొలత ఎన్నిసార్లు చూసుకున్నా తప్పులేదు. పనిలోపనిగా, ఉద్దానంలో 2018 తిత్లీ తుపానుకి పడిపోయిన మా పిన్ని వాళ్ల పనసచెట్టు ముక్క ఒకటి ఉంటే పల్చగా కోయించి నెక్ చివరి తలకట్టు మీద అతికించాను. అప్పుడు పసుపుపచ్చగా ఉండేది, ఇప్పుడు గోధుమరంగుకి తిరిగింది.

వాడకంలో ఎలగుందంటే, మొదటి వానాకాలానికే బ్రిడ్జి వెనక టాప్ పొంగింది, 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు దాటి వేళ్లు నొప్పి పుట్టేవి. సంక్రాంతి వెళ్లాక మళ్లీ దిగింది. నెక్‌తో కుస్తీ పట్టకుండా రెండు శాడిళ్లు చేసుకున్నాను, వానాకాలానికి ఒక మిల్లీమీటరు పొట్టిది, మిగతా రోజులకి మామూలుది. ఒక మిల్లీమీటరు తగ్గిస్తే 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దిగుతాది, అంతే కావాలి. తీగలు మార్చేటప్పుడు శాడిల్ కూడా మార్చేస్తా, చీలికలైతే ఎక్కడా లేవు.

పాలిష్ లక్కదే, మేస్త్రి నేర్పిన పద్ధతిలో గుడ్డ ఉండ చుట్టి పట్టించాను. ముసురు పట్టిన రోజు మాత్రం పట్టించకండి, తెల్లగా పొగ కమ్మినట్టవుతాది. అందం బాగుంది గాని మన చెమటకి ఆగదు, కుడి మోచెయ్యి ఆనేచోట మెత్తబడి మసకబారింది. కాకపోతే పాత లక్కలో కొత్త లక్క కరిగి కలిసిపోతాది కాబట్టి రిపేరు తేలిక, గీకక్కర్లేదు.

శబ్దం మొదట్లో బిగుసుకున్నట్టు ఉండేది, వాయించగా వాయించగా వదులైంది, లేదా నా చెవే అలవాటుపడిందో. ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద జి స్వరం మాత్రం మిగతావాటికంటే ఉబ్బినట్టు మోగుతాది, డ్రెడ్‌నాట్ పెట్టెలో గాలి దాదాపు అక్కడే, 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఊగుతాది, అది సర్దుకుపోవాల్సిందే. కిట్‌తో ఇచ్చిన, తీగలు బిగించే కీలు బాగోలేవు, తిప్పితే కాసేపు ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారి జంప్ చేస్తాది. అవి మార్చాకే శృతి నిలబడింది. కిట్ మీద కోసిన సగం స్టార్ ఎక్కువ దీనికే.

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎవరైనా కడదామనుకుంటే మాఘమాసంలో మొదలెట్టండి, ఫ్రెట్ల ఆకురాళ్లూ కటింగ్ ప్లేయరూ నా దగ్గర ఖాళీగానే ఉన్నాయి, అడిగితే ఇస్తా. వెదురు బద్దలు మాత్రం అడక్కండి, మా అమ్మ చిక్కుడుపాదుకి పందిరి వేసేసింది.