బెజవాడ ఉక్కపోతలో ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్: ఏళ్ల తరబడి పెంచాక నా సమీక్ష

ముళ్లు లేని కాక్టస్, పిల్లలున్న ఇంట్లో భయం లేదు, వారానికోసారి నీళ్లు పోస్తే చాలు అని చెప్పి ఈ మొక్కను అమ్ముతుంటారు. ముళ్ల మాట నిజమే. వారానికోసారి నీళ్లన్న సలహా మాత్రం మన ఊళ్లో దీన్ని చంపేస్తుంది. పటమటలో మా అపార్ట్‌మెంటు తూర్పు బాల్కనీలో వీటిని చాలా ఏళ్లుగా పెంచుతున్నాను. దీనికి మన పగటి ఎండ కంటే రాత్రి ఉక్కపోతే పెద్ద గండం.

చూడ్డానికి సగం కోసిన బత్తాయిని బోర్లించినట్టుంటుంది. మామూలుగా 8 తొనలు, ప్రతి తొన నడుమ వరుసగా ఉన్ని చుక్కలు, ఒంటి నిండా తెల్లటి నూగు. పుట్టిల్లు టెక్సాస్‌లోని స్టార్ కౌంటీ, దాని కింద మెక్సికోలోని తమౌలిపాస్, న్యువో లియోన్. అక్కడ ఇది పొదల చాటున పెరుగుతుంది. వానొస్తే ఉబ్బుతుంది, కరువొస్తే నేలమట్టానికి కుంగిపోతుంది. అడవి మొక్కలను దొంగతనంగా తవ్వేస్తుండటంతో 1993లో అమెరికా దీన్ని అంతరించిపోతున్న జాతుల్లో చేర్చింది. అంచేత నర్సరీలో విత్తనం నుంచి పెంచిన మొక్కే కొనండి.

కాక్టస్‌లు పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. రాత్రి చల్లబడితేనే ఆ పని సవ్యంగా సాగుతుంది. మే నెలలో మనకు తెల్లవారుజామున కూడా 30 డిగ్రీల దగ్గరే ఉండే రోజులొస్తాయి. అప్పుడు మొక్క ఎదుగుదల ఆపేస్తుంది. వేరు నీళ్లు తాగదు, మట్టి వేడిగా తడిగా ఉంటుంది, కుళ్లు మొదలవుతుంది. దుంప వేరు కాబట్టి పైన మెత్తబడినట్టు తెలిసేసరికి లోపల సగం పోయుంటుంది.

అందుకే నీళ్ల క్యాలెండర్ తిరగేశాను. పుస్తకాల్లో చలికాలం చుక్క నీరు వద్దంటారు. అది మంచు పడే దేశాల మాట. మన చలికాలంలో రాత్రి 18, 20 డిగ్రీలు, పగలు హాయైన ఎండ. నవంబరు వానలు వెనకబట్టిన దగ్గర్నుంచి మార్చి దాకా మట్టి అడుగు వరకు ఎండాక, సాయంత్రం పూట కుండీ కింద నుంచి కారేలా పోస్తాను. ఏప్రిల్ నుంచి తగ్గించి, రోహిణి కార్తెలో దాదాపు ఆపేస్తాను. కుంగి ముడతలు పడుతుంది, పడనివ్వండి. ముసురు రోజుల్లో వాన జల్లు తగలని చోటికి జరిపి, ఎప్పుడైనా కాస్త తడిపితే ఆ రాత్రంతా టేబుల్ ఫ్యాన్ పెడతాను. మా ఇంట్లో దీన్ని విడ్డూరంగా చూస్తారు గానీ, మొక్కలు నిలిచింది ఆ ఫ్యాన్ వల్లే.

మట్టి సంగతి తేలిక. కృష్ణా ఇసుకను జల్లెడ పట్టి, సన్నది పారేసి, ముతకది కడిగి, ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వతపు రాయి), ఇటుక ముక్కలు, కొద్దిగా వర్మీ కంపోస్టు కలుపుతాను. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) వద్దు. కుండీ మట్టిదే కావాలి, వేరుకు తగ్గ లోతుండాలి.

హాల్లో టీపాయ్ మీద పెట్టే మొక్క కాదిది. వెలుతురు చాలకపోతే పైకి సాగుతుంది, ఆ సాగిన భాగం మళ్లీ గుండ్రబడదు. పడమటి ఎండ నేరుగా తగిలితే మాడిన మచ్చ జీవితాంతం ఉంటుంది. తూర్పు ఎండ, వేసవిలో పైన 50 శాతం గ్రీన్ నెట్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కు దూరం. పిండినల్లి కనిపిస్తే సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో తుడుస్తాను. వేపనూనె కొడితే తెల్ల నూగు జిడ్డు కట్టి అందం పోతుంది.

పూత వేసవి ముందు మొదలవుతుంది. పసుపు రేకులు, నడుమ నారింజ ఎరుపు, మధ్యాహ్నం ఎండకు విచ్చుకుంటుంది. నడినెత్తిన అంత పువ్వు చూస్తే ఏడాది శ్రమా మర్చిపోతాను. విత్తనం కావాలంటే వేరువేరు విత్తనాల నుంచి వచ్చిన రెండు మొక్కలు ఒకేసారి పూయాలి, తన పుప్పొడి తనకు పనికిరాదు. తాజా విత్తనం రెండు మూడు రోజుల్లోనే మొలుస్తుంది.

డ్రాగన్ ఫ్రూట్ కాండం మీద అంటు కట్టినవీ దొరుకుతాయి. ఆ కాండం మన వర్షాకాలాన్ని బాగా ఓర్చుకుంటుంది, మొక్క త్వరగా పెరుగుతుంది. కానీ ఒళ్లు ఉబ్బిపోయి, ఆ బల్లపరుపు అందం తగ్గుతుంది. నా ఇష్టం సొంత వేరు మీదున్నదే. మొదటిసారి కొనేవాళ్లు మాత్రం అంటు మొక్కే తీసుకోండి, అదీ వర్షాకాలం దాటాక, నవంబరులో.